మండలానికి ఒక్క సిపాయి

కృతజ్ఞత ముప్పై సెకన్లకు తగ్గకూడదన్న సంగతి మాకు ఆగస్టు నాలుగో తారీకు మధ్యాహ్నం తెలిసింది. అంతకుముందు ఎవరి వీలును బట్టి వాళ్ళు చెప్పుకునేవాళ్ళం.

పిల్లలు అన్నాలు తిని కుళాయి దగ్గర ప్లేట్లు కడుక్కుంటుండగా జిల్లా కార్యాలయం నుంచి సర్క్యులర్ వచ్చింది. దాని పేరు ‘సైనిక కృతజ్ఞతా పక్షోత్సవాలు’. అందులో ఇలా ఉంది:

‘గత సంవత్సరం విద్యార్థులు సైనికులకు రాసిన ఉత్తరాలు, గీసిన బొమ్మలు కృతజ్ఞతను పరోక్షంగా మాత్రమే వ్యక్తపరచినట్లు సమీక్షలో తేలినందున, ఈ సంవత్సరం ప్రతి విద్యార్థి కనీసం ఒక సైనికునికి ముఖాముఖిగా, విడివిడిగా, ముప్పై సెకన్లకు తగ్గకుండా కృతజ్ఞత తెలుపవలెను. సదరు కృతజ్ఞతను ఫొటో రూపంలో యాప్‌నందు అప్‌లోడ్ చేయవలెను. సైనికుడు ప్రస్తుతం సేవలో ఉన్నవాడై ఉండవలెను. గుంపు ఫొటోలు కృతజ్ఞతగా పరిగణింపబడవు.’

పోయిన ఏడాది ఉత్తరాలు, బొమ్మలు కలిపి రెండు గోతాలు. అవి ఇప్పటికీ మండల విద్యాశాఖ కార్యాలయంలో పాత ప్రశ్నపత్రాల కింద ఉన్నాయి. పరోక్షం అంటే అదే అయి ఉంటుంది.

నేను తంగెడుపాలెం ప్రాథమికోన్నత పాఠశాలలో టీచర్ని. పేరు శేషారత్నం. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో పైనుంచి వచ్చిన ఆదేశాల మేరకు పిల్లల చేత మొక్కలు నాటించాను, చేతులు కడిగించాను, పొగ తాగబోమని ఒకటో తరగతి వాళ్ళ చేత ప్రమాణం చేయించాను. కాబట్టి ఈ సర్క్యులర్ చూసి కంగారు పడలేదు. ఎం.ఈ.ఓ. గారు రమ్మంటే ఆటోలో వెళ్ళాను.

ఎం.ఈ.ఓ. పురుషోత్తం గారు చెడ్డ మనిషి కాదు. ఫైలు ముందుంటే ఒక భాష మాట్లాడతారు, టీ ముందుంటే ఇంకో భాష మాట్లాడతారు. ఆ రోజు బల్ల మీద ఫైలుంది.

“శేషారత్నం గారూ, మన మండలంలో లక్షిత విద్యార్థుల సంఖ్య రెండువేల మూడువందల పద్దెనిమిది. అందుబాటులో ఉన్న సైనిక వనరు ఎంత?”

“వనరంటే ఏంటి సార్?”

“సైనికులండీ. సేవలో ఉండి, ప్రస్తుతం భౌతికంగా మండల పరిధిలో ఉన్నవాళ్ళు.”

నాకు తెలిసి మా మండలం నుంచి నలభై ముగ్గురు సైన్యంలో ఉన్నారు. వాళ్ళలో నలభై ఇద్దరు దేశాన్ని కాపాడే పనిలో ఉన్నందువల్ల కృతజ్ఞతకు అందుబాటులో లేరు. ఒక్కడు మాత్రం శనివారం నాడే సెలవు మీద దిగాడు.

“ఒక్కడే ఉన్నాడు సార్. మా ఊరి ఏసోబు.”

“ఒకటి,” అని ఆయన గడిలో రాసుకున్నారు. “మీకు పరిచయమా?”

“నా దగ్గరే చదువుకున్నాడు సార్. ఎక్కాలు అప్పజెప్పమంటే బల్ల కింద దూరేవాడు.”

“అయితే మీరే మండల కృతజ్ఞతా నోడల్ అధికారి,” అన్నారు.

సాయంత్రం ఏసోబు ఇంటికి వెళ్ళాను. నన్ను చూడగానే మంచం మీద నుంచి లేచి నిటారుగా నిలబడ్డాడు. బడిలో ఉన్నప్పుడు ఎన్నడూ అలా నిలబడలేదు. భార్య రూతు కుర్చీ తెచ్చి వేసింది. వాళ్ళ కూతురు షారోను, మా బడిలోనే ఒకటో తరగతి, తల్లి చీర కుచ్చిళ్ళ వెనక నుంచి తండ్రిని ఒక కంటితో చూస్తోంది.

“మేడమ్, దీనికి నేనెవరో తెలీలా,” అన్నాడు ఏసోబు నవ్వబోయి.

పద్నాలుగు నెలల తరువాత వచ్చాడు. వెళ్ళేటప్పటికి ఆ పిల్లకి నాలుగేళ్ళు. అప్పట్నుంచీ నాన్న అంటే ఫోనులో కనపడే మనిషి.

“వచ్చినరోజు ఏం చేసిందో చెప్పు టీచరమ్మకి,” అన్నాడు భార్యతో.

“ఫోను తెచ్చి నా చేతికిచ్చింది,” అంది రూతు. “మిలటరీ అంకుల్ మనింటికొచ్చాడని నాన్నకి చెప్పమ్మా అంది.”

అందరం నవ్వాం. ఏసోబు అందరికంటే ముందు ఆపేశాడు.

“ఇరవయ్యెనిమిది రోజులు సెలవు మేడమ్. రాను రెండు, పోను రెండు తీసేస్తే ఇరవై నాలుగు. దీన్ని మచ్చిక చేసుకోవటం తప్ప ఇంకే పనీ పెట్టుకోలా ఈసారి.”

నేను వచ్చిన పని చెప్పాను. మన బడి పిల్లలే, నూట నలభై రెండు మంది, ఒక్క గంట వచ్చి నిలబడితే చాలన్నాను.

“మీరడిగితే రానా మేడమ్,” అన్నాడు.

“ఒక్క గంటేనా టీచరమ్మా?” అంది రూతు.

“ఒక్క గంటేనమ్మా.”

నా సర్వీసులో పైకి చాలా తప్పుడు అంకెలు పంపాను గానీ, అంత తప్పుడు అంకె ఎప్పుడూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే ఏసోబు ఇస్త్రీ చొక్కా వేసుకుని బడికి వచ్చాడు. దండ వేశాం. మొదటి పిల్లవాడు వచ్చి పక్కన నిలబడ్డాడు. ఫొటో తీశాను. యాప్ ఒప్పుకోలేదు. ‘సైనికుడు కనబడుట లేదు’ అంది. మళ్ళీ తీశాను. మళ్ళీ అదే మాట. ఏసోబు యాప్ ముందు ఇంకాస్త నిటారుగా నిలబడ్డాడు. అప్పుడూ కనబడలేదు.

ఎం.ఈ.ఓ. గారికి ఫోను చేశాను. “యూనిఫారం లేకపోతే యాప్ గుర్తించదండీ,” అన్నారు.

“సెలవులో యూనిఫారం ఏసుకుని ఇట్టాంటి వాటికి రాకూడదు మేడమ్. మావాళ్ళు ఊరుకోరు,” అన్నాడు ఏసోబు.

అది కూడా విన్నవించాను. ఆయన “అతను సైనికుడే కావచ్చు. కాదనను. కానీ యాప్‌కు కూడా అలా అనిపించాలి కదా,” అన్నారు.

చివరికి మా డ్రాయింగు మాస్టారు పాత హాజరుపట్టీ అట్ట చింపి, టోపీలా కత్తిరించి, ఆకుపచ్చ రంగు పూసి, ముందువైపు ఒక నక్షత్రం అతికించారు. రంగు ఆరాక దాన్ని ఏసోబు తల మీద పెట్టాం. ‘సైనికుడు గుర్తించబడెను’ అంది యాప్. అనుమానం తీరక అదే టోపీని మధ్యాహ్న భోజనం వండే కోటమ్మ తల మీద పెట్టి చూశాం. ఆమెను కూడా గుర్తించింది. మరి ఏసోబును ఇంటికి పంపేసి కోటమ్మతో కానిచ్చేద్దామా అని డ్రాయింగు మాస్టారు అడిగారు. అది అక్రమం అవుతుందని ఎం.ఈ.ఓ. గారు మందలించారు. నిజమైన సైనికుడికే అట్ట టోపీ ఉండాలన్నారు.

పిల్లలు చెప్పవలసిన వాక్యం కూడా పైనుంచే వచ్చింది: “దేశ రక్షకా! మీ త్యాగనిరతికి నా హృదయపూర్వక కృతజ్ఞతాభివందనములు.” పెద్ద తరగతుల వాళ్ళు గడగడా అప్పజెప్పారు. రెండో తరగతి దగ్గరికి వచ్చేసరికి అది “మీ తాగిన రాత్రికి” అయింది. ఎన్నిసార్లు దిద్దినా అదే. తాగుడు అలవాటు లేని ఏసోబు నలభై మంది పిల్లల దగ్గర తాగిన రాత్రికి వందనాలు అందుకున్నాడు.

వాక్యానికి పట్టేది ఏడు సెకన్లు. మిగతా ఇరవైమూడు సెకన్లు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడాలి. ఆరో తరగతి కుర్రాడొకడు ఉండబట్టలేక, “అన్నా, అక్కడ బాగా చలా?” అని అడిగాడు. ఏసోబు మొహం వెలిగింది. “చలంటే అట్టాంటిట్టాంటి చలి కాదురా...” అని మొదలుపెట్టాడు. సర్క్యులర్ ఏడో పేరా ప్రకారం నిర్ణీత వాక్యం తప్ప ఇతర సంభాషణ కూడదు. నోడల్ అధికారిగా నేనే ఆపాల్సి వచ్చింది.

అందరికంటే ఆఖరున షారోను వంతు. పేరు పిలవగానే తలుపు చాటుకు పోయింది. ఏసోబు మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాచాడు. ఆ టోపీ చూసి భయపడిందో ఏమో, ఒక్క పరుగున ఇంటికి పారిపోయింది. గంట అనుకున్నది సాయంత్రం నాలుగైంది. నూట నలభై ఒకటి అప్‌లోడ్ అయ్యాయి. ఒకటి మిగిలింది. రేపు చూద్దాంలే అనుకున్నాను.

మర్నాడు ఎం.ఈ.ఓ. గారు ఒక చార్టుతో వచ్చారు. దాని మీద ‘సైనిక వినియోగ ప్రణాళిక’ అని రాసి ఉంది. పద్దెనిమిది బడులు, పన్నెండు పనిదినాలు, పూటకో బడి, పెద్ద బడులకు రోజంతా.

“సైనికుడు పరిమిత వనరు. దుర్వినియోగం కాకుండా పొదుపుగా వాడుకోవాలి,” అని ఏసోబు ఎదురుగానే చెప్పారు.

ఏసోబు నా వైపు చూశాడు. నేను చార్టు వైపు చూశాను.

“పిల్లలంతా పూలు పట్టుకుని ఎదురుచూస్తన్నారంట మేడమ్,” అన్నాడు తరువాత, ఎవరూ అడగకుండానే. “పోకపోతే మిలటరీ వాడికి పొగరెక్కిందంటారు.”

రూతు మాత్రం ఊరుకోలేదు. చార్టు చదివి మడిచి నా చేతికిచ్చింది. “పద్నాలుగు నెలలు దేశానికిచ్చాను టీచరమ్మా. ఈ నాలుగు రోజులు మండలానికియ్యాలా?”

ఇంటికెళ్ళి సర్క్యులర్ మళ్ళీ మొదటి నుంచి చదివాను. సైనికుడి ఇంట్లో వాళ్ళ గురించి ఏ పేరాలోనూ లేదు.

అలా మొదలైంది. పొద్దున ఎనిమిదింటికి జీపు వచ్చేది. ఏసోబు అట్ట టోపీ చంకలో పెట్టుకుని ఎక్కేవాడు. చీకటి పడేలోపు దింపేవాళ్ళు. మూడో రోజు నుంచి రూతు మధ్యాహ్నం క్యారేజీ తీసుకుని, ఆ రోజు ఏ బడైతే ఆ బడికి రావడం మొదలుపెట్టింది. షారోనును కూడా వెంటబెట్టుకొచ్చేది. “ఇంట్లో లేడు గదా, ఇక్కడన్నా చూసుకుంటది,” అంది.

అదే రోజు సుబేదారు ఖాసిం సాహెబు గారు కూడా వచ్చారు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. రిటైరై పాతికేళ్ళయినా బూట్లలో మొహం చూసుకోవచ్చు. గుండెల మీద పతకాలు వరసగా పెట్టుకుని ఎం.ఈ.ఓ. గారి ముందు నిలబడ్డారు.

“నేను ఇరవయ్యెనిమిదేళ్ళు చేశాను. ఒక వెయ్యి మందిని నాకప్పజెప్పండి. ఆ అబ్బాయికి కాస్త ఊపిరాడుద్ది.”

“మీ సేవలు శ్లాఘనీయం సార్,” అన్నారు పురుషోత్తం గారు. “కానీ విశ్రాంత సైనికులకు కృతజ్ఞత తెలిపే విషయం మార్గదర్శకాల్లో లేదు. మీరు మిగిలిన పిల్లలకు లైను నేర్పితే చాలు.”

 సాహెబు గారు పోయి లైను నిలబెట్టారు. నాలుగు వందల మంది పిల్లలు తమ వంతు కోసం మూడేసి గంటలు ఎండలో నిలబడాలి కదా, అల్లరి చేయకుండా ఆయన కథలు చెప్పేవారు. మంచులో కంచరగాడిదలు సామాను మోసిన కథ, గడ్డకట్టిన గుడ్డును సుత్తితో పగలగొట్టిన కథ. పిల్లలు నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. వంతు వచ్చినా కదిలేవాళ్ళు కారు. “తాతా, ఇంకొకటి,” అని చొక్కా పట్టుకు లాగేవాళ్ళు. అది యాప్‌లో ఏ గడిలోనూ పడలేదు.

షారోను మొదట సాహెబు గారి పక్కన స్టూలు వేసుకుని కూర్చునేది. ఆయన గడియారం చూసి ముప్పై సెకన్లు లెక్కపెడుతుంటే తనూ వేళ్ళు ముడిచేది. రెండు రోజుల తరువాత చూస్తే స్టూలు తండ్రి కుర్చీకి నాలుగడుగుల దూరంలో ఉంది. వారం గడిచేసరికి పక్కనే ఉంది. ఎవరైనా వాక్యం చెప్పాక కూడా కదలకుండా నిలబడితే, “ఐపోయింది. ఇంక పో,” అని చెయ్యి ఊపేది. లైను చురుగ్గా కదులుతోందని ఎం.ఈ.ఓ. గారు ఆ పిల్లను మెచ్చుకున్నారు.

నడుమ ఒక ఆదివారం వచ్చింది. చార్టులో ఆ గడి ఖాళీ. షారోను మొట్టమొదటిసారి తండ్రి సైకిలు ముందు కమ్మీ మీద ఎక్కిందట. ఇద్దరూ సంతకు బయలుదేరారు. ఊరి బయట వంతెన దగ్గర ఒక ఇంగ్లీషు మీడియం బడి బస్సు అడ్డంగా ఆగింది. కరస్పాండెంటు గారు దిగి రెండు చేతులూ జోడించారు.

“సార్, మావి నాలుగువందల పది పెండింగున్నాయి. పేరెంట్స్ అందరూ వచ్చేశారు. స్నాక్స్ కూడా పెట్టాం.”

“సోమవారం వస్తానండి.”

“సోమవారం గవర్నమెంటు బళ్ళకిచ్చేశారంట సార్. మా పిల్లలకు దేశభక్తి ఉండొద్దా?”

దానికి ఏ సైనికుడైనా ఏం చెప్పగలడు? సైకిలు బస్సు మీద కట్టారు. షారోను బస్సు కిటికీ దగ్గర కూర్చుంది. సంత వచ్చింది, పోయింది.

ఇంతలో పక్కనున్న రాళ్ళవాగు మండలం ఎం.ఈ.ఓ. నుంచి ఒక ఉత్తరం వచ్చింది. తమ మండలంలో ఒక్క సైనికుడు కూడా లేనందున, ‘తమ వద్ద గల సైనికుని పని పూర్తికాగానే మూడు దినములు డిప్యుటేషన్‌పై పంపగలరు’ అని. పురుషోత్తం గారికి కోపం రావడం నేను అప్పుడే చూశాను. “మన సైనికుణ్ణి మనమే కాపాడుకోవాలి,” అని ఆ ఉత్తరం డ్రాయరులో వేసి తాళం వేశారు.

ఎనిమిదో రోజు యాప్ కొత్త మాట నేర్చుకుంది. ఫొటోలన్నీ వెనక్కు వస్తున్నాయి: ‘సైనికుని ముఖమున ప్రసన్నత లోపించినది.’ అప్పటికి ఏసోబు పదిహేను వందల మంది కృతజ్ఞతను భరించి ఉన్నాడు. కుడిచెయ్యి వాచింది. దండల్లోని బంతిపూలు పడక మెడంతా దద్దుర్లు. పురుషోత్తం గారు ఎదురుగా కూర్చుని నచ్చజెప్పారు.

“చూడు బాబూ, కృతజ్ఞత అనేది ఉభయపక్ష ప్రక్రియ. ఇచ్చేవాడు ఎంత ముఖ్యమో పుచ్చుకునేవాడూ అంతే ముఖ్యం. పళ్ళు కనిపించాలి.”

“అక్కడ కదలకుండా నిలబడితే చాలు సార్,” అన్నాడు ఏసోబు. “నవ్వమని ఎవరూ అడగరు.”

ఆ మాటకు షారోను కిసుక్కుమంది. ఏసోబు తల తిప్పి కూతుర్ని చూసి పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు. నేను గబుక్కున ఫొటో తీశాను. యాప్ ఒప్పుకుంది. ఆ తరువాత నవ్వు తగ్గినప్పుడల్లా షారోను వైపు చూడమనేవాళ్ళం.

పంతొమ్మిదో తారీకు సాయంత్రానికి రెండువేల మూడువందల పదిహేడు పూర్తయ్యాయి. ఎం.ఈ.ఓ. ఆఫీసులో అందరికీ టీ ఇచ్చారు. కప్పు పెదాల దాకా వెళ్ళేలోపు జిల్లా నుంచి ఫోను వచ్చింది.

“మీది నూరు శాతం కాలేదు. ఒక కృతజ్ఞత పెండింగ్ ఉంది. ఎవరా విద్యార్థి?”

జాబితా చూశాం. తంగెడుపాలెం, ఒకటో తరగతి, షారోను.

గడువు మూడు రోజులు పొడిగించారు. దానితోపాటు ఒక నోటీసు కూడా వచ్చింది. అందరికీ పంపే అచ్చు నోటీసు; పేర్లు యాప్ నింపుతుంది. నోడల్ అధికారిగా దాన్ని స్వయంగా అందజేసి సంతకం తీసుకోవాలి. తీసుకుని వెళ్ళాను. ఏసోబు అరుగు మీద కూర్చుని పైకి చదివాడు.

‘తండ్రి/సంరక్షకుడు శ్రీ ఏసోబు గారికి. మీ కుమార్తె సైనికుని పట్ల కృతజ్ఞత తెలుపుటకు నిరాకరించినట్లు మా దృష్టికి వచ్చినది. దేశరక్షణకై సైనికులు కుటుంబములను వదిలి పడుతున్న కష్టములను గూర్చి మీ బిడ్డకు తెలియజెప్పుటలో మీరు ఏల విఫలమైనారో ఏడు దినములలోగా సంజాయిషీ ఇవ్వవలెను.’

రెండోసారి చదివాడు. ఆ తరువాత నవ్వడం మొదలుపెట్టాడు. అరుగు మీద పడి దొర్లి నవ్వాడు. రూతు కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నాళ్ళుగా మేం వెతుకుతున్న ప్రసన్నత అంతా ఆ మొహంలో ఉంది. ఫొటో తీయాలని తోచలేదు.

“ఏడు దినాలంటే నేనుండను గదా మేడమ్,” అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. “ఇరవయ్యైదున బస్సెక్కాల.” తుడుచుకోవడం మాత్రం నవ్వు ఆగిన తరువాత కూడా కాసేపు సాగింది.

ఇరవై రెండో తారీకు, ఆఖరి రోజు, పురుషోత్తం గారే స్వయంగా వచ్చారు. జేబులో చాక్లెట్లు, చేతిలో ఫోను. ఏసోబు ఆయన మాట తీసేయలేక అట్ట టోపీ పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. షారోను మెట్టు మీద కూర్చుని ఉంది.

“చెప్పమ్మా, దేశ రక్షకా...” అన్నారు ఎం.ఈ.ఓ. గారు వంగి.

షారోను తల అడ్డంగా ఊపింది. ఆయన చాక్లెట్టు చూపించారు. ఆ పిల్ల చాక్లెట్టు తీసుకుని మళ్ళీ తల అడ్డంగా ఊపింది. మొత్తం వాక్యం వద్దు, ‘థాంక్స్’ అంటే చాలన్నారు. ప్రభుత్వం అంతవరకు దిగిరావడం నేను ఎన్నడూ చూడలేదు.

“పసిపిల్ల సార్, వదిలెయ్యండి,” అన్నాడు ఏసోబు. “నేను కొత్త దానికి. ఇంకా అలవాటు గాలా.”

నాకు ఉండబట్టలేదు. వెళ్ళి మెట్టు మీద ఆ పిల్ల పక్కన కూర్చున్నాను. “ఎందుకే చెప్పవు? నీకు ఎవరి మీదన్నా కోపమా?”

“కాదు టీచర్.”

“మరి?”

“చెప్తే పోవాల గదా.”

“ఎక్కడికి?”

“అందరూ చెప్పి పోయినారు గదా. చెప్పంగానే ఐపోద్ది. ఇంక పోవాల.” అరుగు మీదికి చెయ్యి చూపించింది. “నేను పోను. ఈయన మా నాన్న.”

రూతు గడప దగ్గర నిలబడిపోయింది. ఏసోబు టోపీ తీసి పక్కన పెట్టి లేవబోయాడు. షారోనే మెట్లెక్కి వెళ్ళి, వాచిన చెయ్యి పక్కకు జరిపి ఒళ్ళో కూర్చుని చాక్లెట్టు కాగితం విప్పుకుంది.

పురుషోత్తం గారు ఫోను చూసుకున్నారు, మమ్మల్ని చూశారు, మళ్ళీ ఫోను చూసుకున్నారు. అప్పుడు ఫొటో తీసి ఉంటే యాప్ తప్పకుండా ఒప్పుకునేది. ముప్పై సెకన్లు దాటి చాలాసేపయింది కూడా. కానీ ఆయన ఫోను జేబులో పెట్టుకుని, టీ ముందు మాట్లాడే భాషలో, “ఏం చేద్దామండీ శేషారత్నం గారూ?” అన్నారు.

“పెండింగ్ పెడదాం సార్.”

“పెట్టండి. పైవాళ్ళు అడిగితే నేను చెప్పుకుంటాలెండి.”

పైవాళ్ళు అడిగారు. రెండు రోజుల్లో ర్యాంకులు వచ్చాయి. జిల్లాలో రాళ్ళవాగు మండలానికి ప్రథమ స్థానం. అక్కడ సైనికులెవరూ లేరు కాబట్టి ఎవరికీ ఏమీ చెప్పవలసిన పని లేదని, పెండింగ్ సున్నా అని యాప్ తేల్చి నూరు శాతం వేసింది. వాళ్ళ ఎం.ఈ.ఓ. గారికి శాలువా కప్పారు. మాది రెండో స్థానం. సైనికుడు ఉండి కూడా ఎందుకు వెనుకబడ్డారో వివరణ ఇవ్వమని పురుషోత్తం గారికి మెమో వచ్చింది. ఆయన దాన్ని నాలుగుగా మడిచి జేబులో పెట్టుకుని, మెమోలు తనకు కొత్త కాదన్నారు.

ఊరు విడిచి వెళ్ళేదాకా ఏసోబును ఇంకెవరూ పిలవలేదు. గడువు అయిపోయింది కనుక మండలంలో ఎవరికీ అతనితో పని లేదు. షారోను పొద్దున అతన్ని బడికి తీసుకొచ్చి, గేటు దగ్గర ప్రతి పిల్లనూ ఆపి “మా నాన్న” అని చూపించేది. వాళ్ళందరూ అతన్ని ఎప్పుడో చూసినవాళ్ళే. అయినా ఆగి చూసేవాళ్ళు.

ఇరవై ఐదో తారీకు పదిన్నర బస్సు. నేనూ వెళ్ళాను. నా వల్ల పోయిన రోజుల గురించి ఏదో చెప్పాలనుకున్నాను గానీ, అలాంటి మాటలు చెప్పడం అలవాటు తప్పిపోయింది. “జాగ్రత్తరా,” అన్నాను.

“ఉంటా మేడమ్,” అన్నాడు.

రూతు పచ్చడి సీసా సంచిలో సర్దుతోంది. షారోను తండ్రి చొక్కా అంచు రెండు గుప్పిళ్ళతో పట్టుకుంది. కండక్టరు విజిల్ వేశాడు. ఎవరెంత బతిమాలినా వదల్లేదు. ఏసోబు సంచి కింద పెట్టి, కూతురి ముందు గొంతుక్కూర్చున్నాడు.

“నువ్వు నాకు చెప్పలా గదా?”

“ఊహూ.”

“ఒక్కసారన్నా చెప్పావా?”

“చెప్పలా.”

“అయితే ఐపోలా. నేను పోయినట్టు కాదు.”

షారోను చాలాసేపు ఆలోచించింది. బస్సు నిండా జనం. కండక్టరు రెండోసారి విజిల్ నోట్లో పెట్టుకుని, ఊదకుండా ఆగాడు.

“మళ్ళీ వచ్చినాక చెప్పనా?” అంది.

“అప్పుడు గూడా చెప్పమాక.”

ఒక గుప్పిలి వదిలింది. తరువాత రెండోది.